పట్టా ట్రంకుపెట్టెలో ఉండిపోకూడదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో కూర్చున్న యువతుల్లో చాలామంది మా హాస్టల్లో అన్నం తిన్నవాళ్లే. పేరు పిలిస్తే పలకండి చాలు.

పొద్దున ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు సన్మానం జరిగింది. పేరు పిలవగానే ఒక్కొక్కరు మెట్లెక్కి పైకి వచ్చారు, శాలువా కప్పించుకున్నారు, పెద్దలతో ఫొటో దిగారు. ఒక చెల్లె మాత్రం చంకకర్రలతో మెట్ల దగ్గరే ఆగిపోయింది. పెద్దలే కిందికి దిగి ఆమెకు శాలువా కప్పారు. మంచి మనసుతోనే చేశారు. కానీ అందరూ కలిసి దిగిన ఫొటోలో ఆ చెల్లె లేదు. డిగ్రీ దాకా ఆమె అందరితో పాటే వచ్చింది. డిగ్రీ అయిపోయిన రోజున ఏడు మెట్ల దగ్గర ఆగింది. కాలు ఆపిందా, మెట్లు ఆపాయా అన్నది మనమందరం ఆలోచించాలి.

సంఘం పెద్దలు మమ్మల్ని గిరిజన విద్య గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయంలో మేము ఒక్క ముక్కే తీసుకుంటాం. అంగవైకల్యం ఉండి కూడా కష్టపడి డిగ్రీ చదివిన మన పిల్లలు, ఆ పట్టా పట్టుకుని ఎక్కడికి పోతున్నారు? ఎక్కడికి పోవచ్చు?

మేము చేసిన తప్పు

ముందు మా తప్పు చెప్పుకుంటాం. తర్వాత మీకు చెప్పే హక్కు వస్తుంది.

కొన్నేళ్ల కింద మా హాస్టల్లో ఒక అమ్మాయి ఉండేది. చిన్నప్పుడే కుడికాలు సన్నబడిపోయింది. ఊర్లో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, కాలు చూసి పెట్టిన పేరుతో పిలిచేవాళ్లే ఎక్కువ. ఒకరోజు మా దగ్గరికి వచ్చి "మేడం, హాజరు తీసుకునేటప్పుడు నా పేరు మొత్తం చదవండి, వినడానికి మంచిగుంటది" అన్నది. ఆ రోజు నుంచి మొత్తం చదివేవాళ్లం. బీఏ ఫస్ట్ క్లాసులో పాసైంది.

పాసయ్యాక మేము ఏం చేశాం? రూలు ప్రకారం దుప్పటి, ప్లేటు, గ్లాసు వాపసు తీసుకున్నాం. నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టాం. ట్రంకుపెట్టె ఆటోలో పెట్టించాం. "మంచిగుండు బిడ్డా" అన్నాం. అంతే. ఇక ముందు ఏం చేస్తావని అడగలేదు.

మూడేళ్ల తర్వాత అంగడిలో కనిపించింది. తల్లి పక్కన కూరగాయలు పెట్టుకుని కూర్చుంది. కూరగాయలు అమ్మడం తక్కువ పని అని మేము అనం, మా అమ్మ కూడా అమ్మింది. కానీ ఆ పని ఆ అమ్మాయి ఎంచుకున్నది కాదు, ఇంకేమీ లేక కూర్చున్నది. "ఉద్యోగాలకు పెట్టలేదా?" అని అడిగాం. రెండుసార్లు పెట్టిందట. రెండుసార్లూ నెట్ సెంటర్లో దరఖాస్తు నింపినతను దివ్యాంగుల గడిలో "కాదు" అని పెట్టాడట. ఎందుకంటే ఆమెకిచ్చిన సదరం సర్టిఫికెట్ తాత్కాలికమైనది. దాని గడువు డిగ్రీ మూడో ఏట్లోనే అయిపోయింది.

ఆ మూడో ఏడంతా ఆమె మా హాస్టల్లోనే ఉంది. ఆ సర్టిఫికెట్ జిరాక్సు మా ఫైల్లోనే ఉంది. గడువు తేదీ దాని మీద అచ్చయ్యే ఉంది. మేము చదవలేదు.

"మీరు అడగలేదు, నాకు తెల్వదు మేడం" అన్నది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా మరిచిపోలేకపోతున్నాం. మేము బీఎడ్ చదివిన రోజుల్లో ప్రత్యేక అవసరాల పిల్లల గురించి ఒక పాఠమే ఉండేది. పరీక్షలో దాని మీద మంచి మార్కులే వచ్చాయి. మా ఎదురుగా నాలుగేళ్లు తిరిగిన పిల్ల విషయంలో ఆ పాఠం గుర్తుకు రాలేదు.

తర్వాత మీసేవలో స్లాటు తీసి, క్యాంపుకు తీసుకుపోయి, కొత్త సర్టిఫికెట్ చేయించాం. ఇప్పుడు ఆమె బీఎడ్ రెండో ఏడు చదువుతోంది. పోయిన మూడేళ్లు మాత్రం ఎవరం తిరిగి ఇవ్వలేం.

పింఛను సంగతి

గూడేలకు వెళ్లినప్పుడు తల్లిదండ్రుల నుంచి మేము ఎక్కువగా వినే మాట ఒకటుంది. "పింఛను వస్తుంది కదా మేడం, ఇక పట్నం పంపడం ఎందుకు, ఎవరు చూసుకుంటారు?" తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. అది దయ కాదు, హక్కు. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లలో నూనె, ఉప్పు వస్తున్నాయి. దాన్ని మేము తీసిపారేయం. అమ్మానాన్నల భయాన్నీ తీసిపారేయం, ఆడపిల్ల అయితే ఆ భయం రెండింతలు.

అయినా ఒక మాట అడుగుతాం. ఇంట్లో నలుగురు పిల్లల్లో ముగ్గురిని "ఏం చదువుతావు, ఏం చేస్తావు" అని అడుగుతాం. నాలుగో బిడ్డను మాత్రం "పింఛను పడిందా" అని అడుగుతాం. డిగ్రీ చదివిన బిడ్డ ఆ ప్రశ్న వింటూ ఎన్నేళ్లు కూర్చోవాలి? తల్లిదండ్రులు పోయాక ఆ బిడ్డ ఎవరి అరుగు మీద కూర్చోవాలి? పింఛను ఊతకర్ర లాంటిది. దాన్ని పట్టుకుని నడవాలి, దాన్ని పట్టుకుని ఒక మూల కూర్చోకూడదు.

చట్టం ఏమిచ్చింది

1995లో వచ్చిన చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల సీట్లలో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఉంది. ఉన్నత విద్య ప్రవేశాల్లో వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది.

ఇక్కడ మన పిల్లలకు ఒక అనుమానం వస్తుంది. "మాకు ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు? రెండూ పెడితే ఏదైనా చిక్కు వస్తుందేమో?" ఏ చిక్కూ రాదు. మన పత్తి చేను గుర్తు చేసుకోండి. అచ్చు తోలేటప్పుడు నిలువు సాలు కొడతాం, అడ్డసాలు కొడతాం, రెండూ కలిసిన చోట గింజ పెడతాం. ఎస్టీ రిజర్వేషన్ నిలువు సాలు. దివ్యాంగుల రిజర్వేషన్ అడ్డసాలు, అన్ని కులాల, తెగల వరుసలను దాటుకుంటూ పోతుంది. మన బిడ్డ ఆ రెండు సాళ్లు కలిసిన చోట ఉంది. రెండు గడుల్లోనూ "అవును" అని పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులైన ఎస్టీ అభ్యర్థులకు వయసు సడలింపు 15 ఏళ్ల దాకా ఉంటుంది. "నా వయసు అయిపోయింది" అని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి.

ఇంకో సంగతి. నోటిఫికేషన్లో ప్రతి పోస్టు ఎదురుగా ఓఎల్, ఓఏ, ఎల్‌వీ, హెచ్‌హెచ్ అని పొట్టి అక్షరాలు ఉంటాయి. ఒక కాలు, ఒక చేయి, తక్కువ చూపు, తక్కువ వినికిడి అని వాటి అర్థం. ఆ పోస్టు ఏ వైకల్యం ఉన్నవాళ్లకు సరిపోతుందో చెప్పే గుర్తులు అవి. వాటిని చదవకుండా దరఖాస్తు పెట్టకండి. తగినవాళ్లు దొరకక ఆ ఏడాది నిండని దివ్యాంగుల పోస్టులను తర్వాతి ఏడాదికి తీసుకుపోవాలని చట్టంలోనే ఉంది. బ్యాక్‌లాగ్ పోస్టులు అంటారే, అవే. ఇవతల మన పిల్లలు ఉద్యోగం లేక కూర్చుంటారు, అవతల పోస్టు మనిషి లేక ఖాళీగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒక్క కాగితం.

కనిపించని వైకల్యం

అంగవైకల్యం అనగానే కాలు, చేయి, కన్ను, చెవి వైపే చూస్తాం. మన ఆదివాసీ ఇళ్లలో బయటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారిపోయే జబ్బు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బు అవుతుంది, ఒక్క వైపు నుంచే వస్తే వాహకులు మాత్రమే అవుతారు. దేశంలో ఆదివాసీల్లోనే ఇది ఎక్కువ కాబట్టి 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలన్నది లక్ష్యం.

మా హాస్టల్లో బీఎస్సీ చదివిన ఒక అమ్మాయికి ఈ జబ్బు ఉంది. మన ఆదిలాబాద్ చలి మీకు తెలుసు. డిసెంబర్ వచ్చిందంటే ఆ పిల్ల ఎముకల నొప్పులతో మంచం మీద ముడుచుకుపోయేది. మొదట్లో తోటి పిల్లలు "నాటకాలు" అన్నారు. నిజం చెప్పాలంటే మాకూ ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. డాక్టరు కూర్చోబెట్టి చెప్పాక తెలిసింది, చలి, నీళ్లు తక్కువ తాగడం, బాగా అలసిపోవడం, ఇవన్నీ నొప్పిని రేపుతాయని. ఆమె మంచం పై అంతస్తు నుంచి కిందికి మార్చాం. స్నానానికి వేడినీళ్లు, పక్కన ఎప్పుడూ నీళ్ల సీసా, రాత్రికి ఇంకో దుప్పటి. పెద్ద ఖర్చేమీ కాలేదు. హాజరు తగ్గినప్పుడు ఆసుపత్రి కాగితాలన్నీ వరుసగా పెట్టి కాలేజీకి ఇచ్చాం. ఇప్పుడామె ఎమ్మెస్సీ చదువుతోంది.

2016 చట్టంలోని 21 రకాల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. డాక్టర్లు తీవ్రతను బట్టి శాతం నిర్ణయిస్తారు. 40 శాతం దాటితే ఉన్నత విద్యలోని 5 శాతం సీట్లకు అర్హత వస్తుంది. అయితే ఉద్యోగాల 4 శాతం రిజర్వేషన్ కోసం చట్టం రాసిన జాబితాలో రక్త సంబంధ వ్యాధులు లేవు. ఇది మన పిల్లలకు ముందే చెప్పాలి, ఆశ పెట్టి తర్వాత దింపకూడదు. ఆ జాబితాలో చేర్చమని అడగడానికి మనకంటే ఎక్కువ హక్కు ఎవరికి ఉంది? నాగోబా దర్బార్‌లో అధికారుల ముందు నిలబడి అర్జీ ఇచ్చే అలవాటు ఉన్న జాతి మనది. ఈ అర్జీ కూడా మన సంఘమే రాయాలి.

చెవితో చదివే చదువు

చూపు బాగా తక్కువ ఉన్న ఒక అమ్మాయి మా దగ్గర చేరింది. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేది, అరగంటకే తలనొప్పి. మేము ఆమెకు పెద్ద అక్షరాల జిరాక్సులు తీయిస్తూ ఉండేవాళ్లం. ఒకరోజు హాస్టల్‌కు వచ్చిన ఒక పూర్వ విద్యార్థిని ఆమె ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసింది. ఫోన్ తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆ పిల్ల పడుకోలేదు.

తర్వాత కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ నేర్చుకుంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టాడు, ఆయనకూ చూపు లేదు. పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చదువుతుంది. చూపు లేనివాళ్లు చదవగలిగే రూపంలో పుస్తకాలు పెట్టిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఉంది. వినికిడి తక్కువ ఉన్నవాళ్లకు, ఎదుటివాళ్ల మాటను ఫోన్ తెర మీద తెలుగు అక్షరాలుగా చూపించే యాప్‌లు వచ్చాయి.

చెవితో చదవడం చదువేనా అని కొందరు అడుగుతారు. మన ప్రధాన్ పెద్దలను చూడండి. కిక్రి వాయిస్తూ మన గోత్రాల కథలు రాత్రంతా చెప్తారు. ఏ పుస్తకం చూసి చెప్తారు? విని నేర్చుకున్నారు, గుర్తు పెట్టుకున్నారు, మళ్లీ చెప్పారు. వేల ఏళ్ల చరిత్రను చెవిలోనే దాచుకున్న మనకు ఇది కొత్త చదువేమీ కాదు.

ఆ అమ్మాయి పరీక్షలు స్క్రైబ్‌తో రాసింది. తాను చెప్తే ఇంకొకరు రాస్తారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. స్క్రైబ్ ఎంత చదివి ఉండాలి, మనమే తీసుకెళ్లాలా, వాళ్లే ఇస్తారా అన్నది పరీక్షను బట్టి మారుతుంది, నోటిఫికేషన్ చూసుకోవాలి. కానీ స్క్రైబ్‌తో ముందు నుంచే కూర్చుని అలవాటు చేసుకోవాలి. పరీక్ష రోజున మొదటిసారి కలిస్తే ఇద్దరికీ ఇబ్బందే. మా హాస్టల్లో ఒక జూనియర్ పిల్ల ఆమెతో రెండు నెలలు కూర్చుంది. రాసిపెట్టిన పిల్లకు కూడా ఆ సబ్జెక్టు వచ్చేసింది.

పై చదువులు

డిగ్రీతోనే ఆగిపోవద్దు. ఎంఏ, ఎమ్మెస్సీ తర్వాత నెట్ రాయవచ్చు. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. దివ్యాంగులకు వేరుగా 200 ఉన్నాయి. విదేశాల్లో చదవడానికి ఎస్టీ విద్యార్థులకు ఏటా 20 జాతీయ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవాళ్లకు పీహెచ్‌డీ పూర్తి చేయడానికి యూజీసీ నిబంధనల్లో మరో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, విజయనగరంలో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. మన భాష మీద, మన కిక్రి మీద, మన రక్తంలోని జబ్బు మీద పరిశోధన బయటివాళ్లే ఎందుకు చేయాలి?

అడిగి సాధించినవాళ్లు

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివారు. అమెరికాలో ఎంఐటీ దాకా పోయారు. తిరిగి వచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు, అందులో దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చారు. వెన్నెముక వంకర ఉన్న ఇరా సింఘాల్ 2010లో సివిల్స్ ర్యాంకు తెచ్చుకున్నా పోస్టు ఇవ్వలేదు. ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలిచారు. 2014 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు.

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చేయి రాయడానికి సహకరించని ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా స్క్రైబ్ ఇవ్వాలని చెప్పింది. 2025 మార్చిలో, చూపు లేదన్న కారణంతో ఎవరినీ జడ్జి ఉద్యోగాలకు దూరంగా పెట్టకూడదని తీర్పు ఇచ్చింది. ఎల్‌ఎల్‌బీ చదువుతున్న మన పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. వీళ్లెవరికీ దారి ముందే వేసి లేదు. ఒక్కరు అడిగితే వెనక వచ్చేవాళ్లకు దారి పడింది. జల్, జంగల్, జమీన్ అని అడిగిన కొమురం భీం నేల మీద నిలబడి ఉన్నాం, అడగడం మనకు ఎవరో నేర్పాలా?

యువతకు మా మాట

మీ ఊరి యువజన సంఘాలకు కొన్ని పనులు అప్పజెప్తున్నాం.

ఒకటి. మీ గూడెంలో అంగవైకల్యం ఉండి ఇంటర్, డిగ్రీ, పీజీ చదివినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. పూర్తి పేర్లు రాయండి, ఊరు పెట్టిన పేర్లు కాదు.

రెండు. ప్రతి పేరు ఎదురుగా సర్టిఫికెట్ ఉందా, గడువు ఎప్పటిదాకా, యూడీఐడీ కార్డు వచ్చిందా రాయండి. దేశంలో ఎక్కడికి పోయినా చెల్లే కార్డు అది. గడువు దగ్గర పడితే స్లాటు తీయించండి, క్యాంపుకు బండి మీద తీసుకుపోండి.

మూడు. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చోండి. చివరి బటన్ నొక్కే ముందు ఆ గడి మీ కళ్లతో చూడండి.

నాలుగు. స్క్రైబ్‌గా రాయడానికి ముందుకు రండి. ఒక రోజు మీ చేయి అరువివ్వండి.

దివ్యాంగులైన మా బిడ్డలకు ఒక మాట. సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడే పిల్లలను చూశాం, "ఆ కాగితం తీసుకుంటే నేను నిజంగా కుంటిదాన్ని అయిపోతాను" అని ఏడ్చిన పిల్లను చూశాం. బిడ్డా, ఆ కాగితం నీ గురించి ఏమీ చెప్పదు. నీకు రావలసింది ఏమిటో ఎదుటివాళ్లకు చెప్తుంది. అడగండి. మేము అడగడం మరిచిపోయినా మీరు వచ్చి అడగండి. మా హాస్టల్లో ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు పిల్లల ఫైళ్లన్నీ జూన్‌లోనే తీసి చదువుతున్నాం. నో డ్యూస్ సంతకానికి ముందు "ఇక ఎక్కడికి, ఏం కావాలి" అని అడుగుతున్నాం. ఆలస్యంగానైనా నేర్చుకున్నాం.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఈ వేదికకు మెట్ల పక్కన ఒక వాలుబల్ల వేయించండి. మన ఊళ్లలో వడ్రంగులున్నారు, ఒక్క పూట పని. పొద్దున కింద ఉండి శాలువా కప్పించుకున్న చెల్లె ఇక్కడే ఉంది. వచ్చే ఏడాది ఆమె పీజీ సీటు తెచ్చుకుని రావాలి. అప్పుడు ఆమె పూర్తి పేరు మేమే పిలుస్తాం, ఆమె ఈ వేదిక మీదికి వచ్చి అందరి మధ్య నిలబడి ఫొటో దిగాలి.

జై ఆదివాసీ! రామ్ రామ్!